వంతులు వేసుకున్న ఇల్లు: విల్మా రుడాల్ఫ్‌ను తలచుకుంటూ

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీలు అన్నీ విన్నారు. భోజనాల ముందు మాట్లాడేవాళ్లు తొందరగా ముగిస్తేనే మర్యాద అని నాకూ తెలుసు. ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షురాలు గారు అడిగారు. ఆటల గురించి విడిగా చెప్పే బదులు ఒక ఆడమనిషి బతుకు చెప్తాను. ఆమె పేరు విల్మా రుడాల్ఫ్. అమెరికా ఆమెది. 1994 నవంబర్ 12న, 54 ఏళ్లకే, క్యాన్సర్‌తో పోయింది. బళ్లో పిల్లలకు ఆమె కథ చాలామంది చెప్తారు: పోలియో వచ్చిన పిల్ల, పట్టుదలతో పరుగెత్తి ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చింది అని. అది నిజమే. కానీ ఆ కథలో ఆమె పట్టుదల ఒక్కటే కనిపిస్తుంది, ఆమె వెనకున్న ఇల్లు కనిపించదు. నేను ఆ ఇంటి సంగతి చెప్దామని వచ్చాను. ఎందుకంటే ఆ ఇల్లు చేసిన పని మన సంఘాలు చేసే పనే.

విల్మా 1940 జూన్ 23న టెనెస్సీ రాష్ట్రంలో, క్లార్క్స్‌విల్ అనే ఊరి పక్కన పుట్టింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. బరువు రెండు కిలోలు. తండ్రి ఎడ్ రుడాల్ఫ్‌కు రెండు పెళ్లిళ్ల మీద మొత్తం 22 మంది పిల్లలు, అందులో ఈమె ఇరవయ్యోది. ఆయన రైల్వేలో సామాన్లు మోసేవాడు, దొరికిన చిల్లర పనులన్నీ చేసేవాడు. తల్లి బ్లాంచ్ తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి. వీళ్లు నల్లజాతివాళ్లు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో నల్లవాళ్లకు వేరే బడి, వేరే ఆసుపత్రి, బస్సులో వెనక సీట్లు. మన దగ్గర రెండు గ్లాసుల హోటళ్లు చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, వాళ్లకు నేను ఎక్కువ విడమరచి చెప్పనక్కర్లేదు.

పసితనంలోనే ఆ పిల్లకు న్యుమోనియా వచ్చింది, విషజ్వరం వచ్చింది. ఆ పైన పోలియో. ఎడమ కాలు పడిపోయింది. ఆ పిల్ల మళ్లీ నడవడం కష్టమన్నారు డాక్టర్లు. తల్లి ఒప్పుకోలేదు. నల్లవాళ్లకు మంచి వైద్యం దొరికే ఆసుపత్రి నాష్‌విల్‌లో ఉంది, దాదాపు 80 కిలోమీటర్ల దూరం. రెండేళ్లపాటు, వారం వారం, ఆ తల్లి బిడ్డను తీసుకుని బస్సెక్కింది. వెనక సీట్లో కూర్చుని వెళ్లింది, వెనక సీట్లో కూర్చుని వచ్చింది. ఆ రోజు కూలి పోయేది. ఇంట్లో మిగతా పిల్లలు ఉండనే ఉన్నారు.

ఇక్కడిదాకా మనకు తెలిసిన కథే. బిడ్డను సంకనేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగే తల్లులు మన ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. ఆసుపత్రిలో ఆ కాలికి మర్దన ఎట్లా చేయాలో, కసరత్తు ఎట్లా చేయించాలో నేర్పారు. వారానికోసారి బస్సెక్కితే చాలదు, ఇంట్లో రోజుకు నాలుగుసార్లు చేయాలన్నారు. బ్లాంచ్ పొద్దున పోతే సాయంత్రం వచ్చే మనిషి. నాలుగుసార్లు ఆమె ఒక్కతే ఎట్లా చేస్తుంది? అందుకని తను నేర్చుకుని పెద్దపిల్లలకు నేర్పింది. వంతులు వేసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆ కాలు పట్టుకున్నారు. ఒక పూట కాదు, ఒక నెల కాదు, ఏళ్ల తరబడి.

అక్కా, దీన్ని మన భాషలో ఏమంటాం? పంచసూత్రాలంటాం. క్రమం తప్పకుండా చేయడం, ఎవరి వంతు వాళ్లు చేయడం, ఒకరు తప్పితే ఇంకొకరు అందుకోవడం. పది మంది కలిసి నెలనెలా తలా కొంత వేస్తే ఒకరికి గేదె వచ్చినట్టు, ఆ ఇంట్లో తలా ఒక పూట వేస్తే ఒక పిల్లకు కాలు వచ్చింది.

జబ్బుల వల్ల ఆ పిల్ల మొదట్లో బడికి పోలేకపోయింది, ఇంట్లోనే చదువుకుంది. ఏడేళ్లకు నేరుగా రెండో తరగతిలో చేరింది. కాలికి ఇనుప పట్టీ, ప్రత్యేకమైన బూటు. తోటి పిల్లల వెక్కిరింతలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ పట్టీ, ఆ బూటు రెండూ వదిలేసి మామూలుగా నడిచింది. అక్క ఆడే బాస్కెట్‌బాల్ జట్టులో తనూ చేరింది. మొదట్లో ఎక్కువగా బల్ల మీదే కూర్చోబెట్టారు. తర్వాత ఆడనిచ్చారు. మైదానమంతా గిర్రున తిరుగుతుంటే కోచ్ ఆమెకు 'దోమ' అని ముద్దుపేరు పెట్టాడు.

ఆ ఆట చూసి ఎడ్ టెంపుల్ అనే ఆయన గుర్తుపట్టాడు. టెనెస్సీ స్టేట్ విశ్వవిద్యాలయంలో అమ్మాయిలకు పరుగు నేర్పే కోచ్. అది నల్లజాతి విద్యార్థుల కాలేజీ. వేసవి శిక్షణకు పిలిచాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాటికి విల్మాకు 16 ఏళ్లు, ఇంకా హైస్కూలు పిల్ల. 200 మీటర్లలో ఫైనల్‌దాకా పోలేదు. నలుగురు కలిసి పరుగెత్తే 4×100 రిలేలో కాంస్యం వచ్చింది. ఆ పతకం పట్టుకుని మళ్లీ అదే బడికి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు చెప్పేది బళ్లో పిల్లలకు చెప్పే కథలో ఉండదు. హైస్కూలు ఆఖరి సంవత్సరంలో, పెళ్లి కాకుండానే, ఆమె గర్భవతి అయింది. 1958లో ఆడపిల్ల పుట్టింది. ఆ కాలంలో అక్కడ కూడా ఇది చిన్న మాట కాదు. ఊరు ఊరుకోదు, చర్చి ఊరుకోదు. టెంపుల్ గారికి ఒక నియమం ఉండేది, బిడ్డ తల్లుల్ని జట్టులోకి తీసుకోడు. అంటే మనవాళ్లు చెప్పే మాటే: "ఇంకేం చదువు, ఇంకేం ఆట, ఇగ ఇంట్లో ఉండు."

ఆ ఇల్లు ఆ మాట అనలేదు. కాలు పట్టుకోవడానికి వంతులు వేసుకున్నవాళ్లే బిడ్డను పట్టుకోవడానికి కూడా ముందుకొచ్చారు. పుట్టింటివాళ్లు, తోబుట్టువులు పసిపాపను చూసుకున్నారు, విల్మా కాలేజీలో చేరింది. కోచ్ తన నియమాన్ని ఆమె కోసం పక్కన పెట్టాడు. ఆ కాలేజీలో అమ్మాయిలు కొంత సేపు పని చేసి చదువు ఖర్చు తీర్చుకునేవాళ్లు. పొద్దున పరుగు, తర్వాత తరగతులు, పని, మళ్లీ పరుగు. బిడ్డ దూరంగా ఉంది. ఆ బెంగ ఎట్లాంటిదో గల్ఫ్‌కో ముంబైకో పోయి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలినవాళ్లను అడిగితే చెప్తారు.

రెండేళ్లు గడిచాయి. 1960, రోమ్ ఒలింపిక్స్. 100 మీటర్లు 11 సెకన్లలో పరుగెత్తి మొదటి బంగారు పతకం గెలిచింది. గాలి కొంచెం ఎక్కువ సాయం చేసిందని దాన్ని రికార్డుగా లెక్కపెట్టలేదు, అయినా రెండో ఆమె చాలా వెనకే ఉంది. 200 మీటర్లు 24 సెకన్లలో రెండో బంగారం. మూడోది 4×100 రిలే. అందులో మార్తా హడ్సన్, లుసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా, నలుగురూ ఒకే కాలేజీ అమ్మాయిలు. సెమీఫైనల్‌లో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టారు. ఫైనల్‌లో విల్మాది ఆఖరి వంతు. బ్యాటన్ అందుకునేటప్పుడు చెయ్యి తడబడి అది జారిపోబోయింది. వెనకబడ్డారు. అక్కడి నుంచి అందరినీ దాటి గీత చేరింది. ఒకే ఒలింపిక్స్‌లో పరుగు పందాల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన మొదటి అమెరికా మహిళ అయింది. అప్పటికి ఆమె వయసు 20. రెండేళ్ల బిడ్డకు తల్లి.

రిలే మీలో కొందరు బళ్లో పరుగెత్తి ఉంటారు. అందులో బ్యాటన్ కింద పడకుండా చేతులు మారడమే అన్నిటికన్నా కష్టం. ఎంత వేగంగా పరుగెత్తినా అందించేవాళ్లు సరిగ్గా అందించకపోతే పందెం పోతుంది. తల్లి చేతి నుంచి అక్కల చేతికి, అక్కల చేతి నుంచి కోచ్ చేతికి ఆ పిల్ల బతుకు మారుతూ వచ్చింది. ఎవరూ కింద పడేయలేదు.

ఊరికి తిరిగొచ్చాక ఆమె చేసిన పని కూడా తలచుకోవాలి. 1960 అక్టోబర్‌లో క్లార్క్స్‌విల్‌లో ఆమెకు ఊరేగింపు, విందు పెట్టాలనుకున్నారు. అప్పటి అలవాటు ప్రకారం తెల్లవాళ్లు వేరుగా, నల్లవాళ్లు వేరుగా. అట్లా అయితే తాను రానని ఆమె చెప్పింది. అందరూ కలిసి ఉంటేనే వస్తానంది. ఊరు దిగొచ్చింది. ఆ ఊరి చరిత్రలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చున్న మొదటి బహిరంగ కార్యక్రమం అదేనని చెప్తారు. తల్లి ఎన్నో ఏళ్లు తెల్లవాళ్ల ఇళ్లలో పని చేసింది. ఆ ఊళ్లోనే ఆమె కూతురి విందులో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి తిన్నారు. 1963లో నల్లవాళ్లను లోపలికి రానివ్వని ఒక హోటల్ విషయంలో జరిగిన నిరసనలో కూడా ఆమె ఉంది.

పతకాలు కడుపు నింపలేదు. ఆ రోజుల్లో ఒలింపిక్ క్రీడాకారులు డబ్బు తీసుకోకూడదని నియమం. 1962లో పరుగు ఆపేసింది. 1963లో ఉపాధ్యాయ చదువు పూర్తి చేసి, చిన్నప్పుడు తాను చదివిన బడిలోనే పంతులమ్మ అయింది, పిల్లలకు పరుగు నేర్పింది. తర్వాత ఉద్యోగాలు మారింది, ఊళ్లు మారింది, చేతికి డబ్బు ఆడని రోజులు చూసింది. నలుగురు పిల్లలు, ఇద్దరు ఆడ, ఇద్దరు మగ. దాంపత్యం నిలవలేదు, పిల్లల్ని నిలబెట్టుకుంది. 1977లో తన జీవితకథ రాసింది. 1981లో పేద పిల్లలకు ఆటలు, చదువు అందించే సంస్థ పెట్టింది. తనకు అందినదాన్ని ముందున్నవాళ్లకు అందించింది. ఆమె చనిపోయిన 1994లోనే ఆ తల్లి బ్లాంచ్ కూడా పోయింది.

'కుటుంబం కోసం బతికిన ఆడమనిషి' అని మనం సంతాప సభల్లో తరచూ అంటాం. మంచి మాటే. అందరికీ వండింది, అందరికీ పెట్టింది, తను ఆఖరున తిన్నది అని చెప్పి కళ్లు తుడుచుకుంటాం. ఆమె కోసం కుటుంబం ఏం చేసింది అని మాత్రం ఎవరూ అడగరు. విల్మా కుటుంబాన్ని ప్రాణంగా చూసుకుంది, కానీ అంతకంటే ముందు కుటుంబం ఆమెను ప్రాణంగా చూసుకుంది. కుంటి ఆడపిల్ల, పేదింటి పిల్ల, పెళ్లి కాకుండా తల్లయిన పిల్ల. వదిలేయడానికి ఆ ఇంటికి మూడు సాకులు ఉన్నాయి. ఒక్కటీ వాడుకోలేదు.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఊరి జీవన్‌జీ దీప్తి మనందరికీ తెలుసు. పుట్టుకతో బుద్ధి ఎదుగుదలలో తేడా ఉన్న బిడ్డ. ఊళ్లో వెక్కిరించినవాళ్లున్నారు. తల్లిదండ్రులు కూలీ చేసుకునేవాళ్లు. వాళ్లు బిడ్డను దాచిపెట్టలేదు. బళ్లో వ్యాయామం చెప్పే సారు ఆమె పరుగు గుర్తుపట్టాడు. 2024లో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కష్టకాలంలో అమ్ముకున్న పొలాన్ని ఆమెకు బహుమతిగా వచ్చిన డబ్బుతో ఆ కుటుంబం తిరిగి కొనుక్కుంది.

ఇప్పుడు మన మండలం సంగతి. పోలియో మన దేశంలో పోయింది. ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో పోలియో లేని దేశమని ప్రకటించారు. ఆ చుక్కలు వేయించడానికి ఇల్లిల్లూ తిరిగినవాళ్లలో మన అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, సంఘాల అక్కలు ఉన్నారు. కానీ నడవలేని పిల్లలు, చెయ్యి తిరగని పిల్లలు, మాట రాని పిల్లలు ఇంకా ఉన్నారు. చాలా ఇండ్లలో సదరం సర్టిఫికెట్ వచ్చింది, పింఛను వస్తోంది, అక్కడితో ఆగిపోతోంది. మండలంలో భవిత కేంద్రం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ చదువు చెప్తారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. తీసుకొచ్చే మనిషి లేక పిల్లలు రారు. తల్లి కూలికి పోతే పూట గడవాలి, బిడ్డను తీసుకొస్తే కూలి పోవాలి. బ్లాంచ్ కష్టం అదే.

అందుకని ఈ మహాసభ ముందు మూడు మాటలు పెడుతున్నాను. తీర్మానం పుస్తకంలో రాసుకుంటే సంతోషం.

మొదటిది. ప్రతి గ్రామ సంఘం తమ ఊళ్లో ఇట్లాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో ఈ నెల సమావేశంలో పేర్లు రాసుకోవాలి. ఫిజియోథెరపీ రోజున ఎవరు తీసుకుపోవాలో వంతులు వేసుకోవాలి. పది మంది ఉన్న సంఘంలో వారానికొకరు అనుకుంటే ఒక్కొక్కరికి రెండు నెలలకోసారి కూడా వంతు రాదు. డాక్టరు చూపించిన కసరత్తు తల్లి ఒక్కతే కాదు, ఇంట్లో అన్న, అక్క, నాయనమ్మ, ముఖ్యంగా తండ్రి కూడా నేర్చుకోవాలి. సొంత తెలివితో కాలు లాగడం, నాటు మర్దన వద్దు. నేర్పినట్టే చేయాలి, రోజూ చేయాలి.

రెండోది. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలు. పద్దెనిమిది నిండకుండా పెండ్లి చేయడం నేరం, అది జరగకుండా చూడటం మన మొదటి పని. కానీ ఇప్పటికే పెండ్లయి, చంకలో బిడ్డ ఉన్న పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లను "నీ పని అయిపోయింది" అని వదిలేయొద్దు. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి, ఇంటర్ కట్టుకోవచ్చు. ఫీజుకు అంతర్గత అప్పు ఇవ్వొచ్చు. క్లాసులున్న రోజు, పరీక్షలున్న రోజు ఆ పసిబిడ్డను పట్టుకునే ఒక మనిషి కావాలి. అది అప్పు కన్నా పెద్ద సాయం.

మూడోది. సాయంత్రం ఒక గంట బడి మైదానం ఆడపిల్లలకు దక్కాలి. పిల్లలు ఆడాలని ఉండి కూడా ఆడరు, ఎందుకంటే మగపిల్లలు మైదానం వదలరు, చీకటి పడితే ఇంటోళ్లు భయపడతారు. ఇద్దరు అక్కలు వచ్చి అరుగు మీద కూర్చుంటే చాలు. కందిపప్పు ఏరుకోండి, పొదుపు పుస్తకం రాసుకోండి, మీ పని మీరు చేసుకోండి. మీరు అక్కడ ఉన్నారంటే వాళ్లు ఆడతారు. ఆడేవాళ్లలో అందరికీ ఒలింపిక్స్ పతకాలు రావు, రానక్కర్లేదు. రక్తహీనత ఉన్న పిల్లకు ఆకలి పుడుతుంది, భయం ఉన్న పిల్లకు గొంతు లేస్తుంది. నా ఉద్యోగంలో నేను రోజూ చూసేది ఇదే.

విల్మా రుడాల్ఫ్ మూడు పతకాలు గెలిచింది 1960 సెప్టెంబర్‌లో. ఆ పతకాల వెనక రోజుకు నాలుగుసార్లు ఆ కాలు పట్టుకున్న చేతులు ఎన్నో ఉన్నాయి. వాళ్లలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మన పేర్లు కూడా ఉండకపోవచ్చు. మన తీర్మానం పుస్తకంలో మాత్రం ఎవరి వంతు ఏ రోజో రాసి ఉండాలి.

 భోజనాలకు పోదాం పదండి.